దయచేసి ఉతక్కండి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే ఒక మాట చెప్పేయాలి. దుస్తుల చరిత్ర చెప్పే మనిషికి దుస్తులు వేసుకోవడం వచ్చి ఉంటుందని లోకం అనుకుంటుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఆ నమ్మకాన్ని రోజూ వమ్ము చేశాను. బూడిద రంగు సఫారీ, పై బొత్తాం కింది కాజాలో, కింది బొత్తాం గాలిలో. మా ఆవిడ సులోచన గేటు దాకా వచ్చి సరిచేసేది.

"ఊరోళ్ల బట్టలన్నీ బరోబర్ జూస్తరు. మీ ఒంటి మీదియి మాత్రం మీకు కండ్లవడవు" అనేది.

నేను బుద్ధిగా తలెత్తి నిలబడేవాణ్ణి.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయడం లేదు. వచ్చినవి తక్కువ, రాస్తే పరువు తక్కువ. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో, అందులో నేను ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో, ఒక్క ముతక చీర నన్ను ఎంత ఏడిపించిందో మాత్రం చెబుతాను.

ఒక నవ్వు చేసిన పని

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనిలో, మా మాటలో బొగ్గు బాయిలో, పనికి వచ్చి చంద్రపూర్ లాల్‌పేట్‌లో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టాను. మరాఠీలో చదువుకుని, చరిత్రలో ఎమ్మే చేశాను. తెలుగు రాయడం పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను కాబట్టి ఇందులో తప్పులుంటే ఆ పంతాన్నే తిట్టుకోండి.

మహిళా కళాశాలలో చరిత్ర లెక్చరర్‌గా చేరిన కొత్తలో, హోమ్ సైన్స్ పిల్లలకు వస్త్రధారణ చరిత్ర చెప్పే మేడమ్ పెళ్లి చేసుకుని నాగ్‌పూర్ వెళ్లిపోయింది. ప్రిన్సిపాల్ మేడమ్ స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి చుట్టూ చూసింది. సీనియర్లందరూ ఒక్కసారిగా పరీక్ష పేపర్లు దిద్దడంలో మునిగిపోయారు. నాకు అంత అనుభవం లేదు. తలెత్తి, మర్యాదకని నవ్వాను. ఆ నవ్వుతో నేను చీరల సారునైపోయాను.

మొదటి సంవత్సరమంతా పుస్తకాల్లో ఉన్నది వల్లించాను. ఫలానా కాలపు శిల్పంలో ఉత్తరీయం, ఫలానా కాలపు శిల్పంలో మొలకట్టు. పిల్లలు ఆవలిస్తుంటే శిల్పాల గొప్పతనం వాళ్లకు తెలియదనుకున్నాను. ఒకరోజు లాల్‌పేట్ నుంచి వచ్చే సరిత అనే తెలుగు పిల్ల లేచి నిలబడింది.

"సర్, గా రాతి బొమ్మలు ఏం కట్టుకున్నయో చెప్తున్నరు. మరి మీ అమ్మ ఎట్ల కట్టుకునేది?"

"చీర" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

"చీరెనే సర్. గోచి వెట్టేదా, వెట్టకపోయేదా? కొంగు ఏ దిక్కు ఏసేది?"

నాకు అమ్మ గొంతు గుర్తుంది. రొట్టె కొట్టే చేతులు గుర్తున్నాయి. కొంగు ఏ భుజం మీద ఉండేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సాయంత్రం మా అన్న ఇంటికి వెళ్లి అమ్మ చీర ఒక్కటైనా ఉందా అని అడిగాను. వదిన నన్ను వింతగా చూసింది. చీరలు బొంతలయ్యాయి, ఆ బొంతల మీద అన్న పిల్లలు పెరిగారు, బొంతలు చినిగి మసిగుడ్డలయ్యాయి, ఆఖరి ముక్కతో నాన్న సైకిల్ తుడుచుకునేవాడు. శిల్పాల గురించి గంటల తరబడి మాట్లాడే నా దగ్గర అమ్మ బట్ట బెత్తెడు లేదు. చాలా సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ దుఃఖం వచ్చింది.

ఆ మర్నాడే ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికెళ్లి ఈ జిల్లా జనం కట్టుకున్న బట్టలు పోగేస్తాను, ఒక గది ఇప్పించండి అని అడిగాను. కెమిస్ట్రీ వాళ్లు వదిలేసిన వెనక గది, అందులో ఒక పాత అద్దాల బీరువా ఇచ్చింది. బీరువాలోంచి ఆసిడ్ వాసన ఎప్పటికీ పోలేదు.

గిన్నెలు లేని గిన్నెలవాడు

అవి ఆర్థిక సరళీకరణ ఊళ్లోకి దిగుతున్న రోజులు. రెడీమేడ్ దుకాణాలు, కేబుల్ టీవీ, ఆడవాళ్లకు నైటీలు, ఆడపిల్లలకు పంజాబీ డ్రెస్సులు. ముతక నూలు చీరలు ఇళ్లల్లోంచి బయటికి పోతున్నాయి. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్లు నెత్తిన గంపలతో గల్లీ గల్లీ తిరిగేవాళ్లు. జీవితాంతం నా అసలు పోటీదారులు వాళ్లే.

నేను కూడా గల్లీల్లో పడ్డాను. "అమ్మా, పాత చీరలుంటే ఇవ్వండి" అని తలుపు కొట్టేవాణ్ణి.

"గిన్నెలేవి?"

"గిన్నెలు లేవమ్మా."

"గిన్నెలు లేకుంటె చీరెలెందుకియ్యాలె?"

"చరిత్ర కోసం."

"గా చరిత్రల పప్పు వండుకోవాల్నా?"

తలుపు పడేది. చివరికి నేనూ స్టీలు డబ్బాలు పట్టుకెళ్లడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు సులోచన చక్కెర డబ్బా వెతుక్కుంటూ, అల్మారాలో దాని స్థానంలో ఎవరిదో గొల్లాయన గొంగడి చూసింది. ఆ రోజు మా ఇంట్లో జరిగింది ఇక్కడ రాయను.

బట్టలు రావడం మొదలయ్యాక ఇంకో గండం ఎదురైంది. ఇచ్చేవాళ్లంతా ఉతికి ఇచ్చేవాళ్లు. కోర్పనాలో ఒక పత్తి రైతు వాళ్ల నాయన తలకు చుట్టుకున్న రుమాలు చూపించాడు. చెమట మరకలు, నల్లరేగడి మన్ను, దారాల్లో ఇరుక్కున్న దూది. నాకు నోరూరింది. మరుసటి వారం తీసుకోవడానికి వెళ్తే, గంజి పెట్టి, నీలిమందు వేసి, ఇస్త్రీ చేసి, పళ్లెంలో పెట్టి ఇచ్చాడు.

"జూడుండ్రి సార్, ఇప్పుడు పెండ్లికి గూడ కట్టుకోవచ్చు" అన్నాడు ఆనందంగా.

ఎదుటి మనిషికి మాసిన బట్ట ఇవ్వడమంటే మనవాళ్లకు తల కొట్టేసినట్టుంటుంది. మా పనికి కావలసింది ఆ మాపే. చెమట ఎక్కడ పట్టిందో చూస్తే బరువు ఏ భుజాన మోశాడో తెలుస్తుంది. కొంగు ఎక్కడ నలిగిందో చూస్తే ఆమె దేనికి ముడివేసుకునేదో తెలుస్తుంది. "ఉతికితే బట్టలోని మనిషి పోతాడు" అని క్లాసులో చెప్పేవాణ్ణి. ఆ వాక్యం మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. గది తలుపు మీద "దయచేసి ఉతక్కండి" అని మరాఠీలోనూ తెలుగులోనూ రాయించాను. ఉతకని ఆడవాళ్ల బట్టలు అడిగే మగవాణ్ణి గురించి జనం ఏమనుకుంటారో ఆలోచించలేదు. వరోరాలో ఒక గల్లీవాళ్లు చేతబడికి అనుకుని నన్ను స్టేషన్ దాకా తరిమారు. నాగ్‌పూర్ ప్యాసింజర్ సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది.

దాచడంలో చేసిన తప్పులకు లెక్కలేదు. చీరను మడతపెడితే మడత దగ్గర చిట్లుతుంది, గొట్టానికి చుట్టాలి అని చదివాను. పేపర్ మిల్లులో పనిచేసే మా తోడల్లుణ్ణి బతిమాలి గట్టి కాగితపు గొట్టాలు తెప్పించాను. రెండు వర్షాకాలాలు గడిచాక చూస్తే, గొట్టం తగిలిన చోటల్లా గోధుమరంగు చారలు. కాగితంలోని ఆసిడ్ బట్టకు పాకింది. మీరు మాత్రం గొట్టం మీద ముందు తెల్ల నూలు గుడ్డ చుట్టండి. కలరా ఉండలు తక్కువ వాడండి. నేను వాడినన్ని వాడితే పురుగులతోపాటు విద్యార్థులు కూడా రారు.

నల్లా రాని రోజు

సరిత రెండో సంవత్సరంలో చదువు మానేసింది. పెళ్లయింది, భర్త బాయిలోనే పని, కాపురం లాల్‌పేట్‌లోనే. ఒకరోజు బజారులో కనిపించి, "సర్, మా అవ్వ తాన బొగ్గు మోసిన చీరె ఉన్నది, జూస్తరా?" అంది.

వాళ్ల అవ్వ, అంటే నాయనమ్మ, పేరు రాజవ్వ. వయసులో ఉన్నప్పుడు బాయి పైన గంపతో బొగ్గు మోసిన మనిషి. నేను వెళ్లేసరికి చీర ఒళ్లో పెట్టుకుని నొచ్చుకుంటోంది.

"ఉతికిద్దమనుకున్న సారూ. పొద్దటిసంది నల్లా రాలే. గిట్లనే ఇయ్యాలంటె మనసొప్పుతలేదు."

ఆ రోజు నీళ్లు వదలని మునిసిపాలిటీ ఉద్యోగికి మనసులోనే దండం పెట్టాను. ముదురెరుపు ముతక నేత, గోచి పెట్టి కట్టిన చీర. అంచు పొడవునా దారాల మధ్య బొగ్గు నుసి. నెత్తిన గంప ఆనించే చుట్టబట్ట కింద ఉండే కొంగు దగ్గర గుండ్రటి నల్లటి గుర్తు. పిల్లలు పట్టుకుని లాగిన చోట నేత వదులైంది. ఎక్కడిదవ్వా అని అడిగితే పెళ్లినాటిదంది. తర్వాతి సారి వరోరా అంగడిలో కొన్నానంది. ఇంకోసారి వాళ్లమ్మ పెట్టిందంది. ప్రతిసారీ నేను చీటీ మార్చి రాశాను.

"ఒక్క మాట సారూ. నాకు గావాలంటె అడుగుత. అప్పుడు ఇయ్యాలె."

"అయ్యో, తప్పకుండా అవ్వా" అన్నాను. అందరూ అలాగే అంటారు, ఎవరూ అడగరు. నూలు పట్టీ మీద నంబరు రాసి, వేలికి సూది గుచ్చుకుంటూ నేనే చీర మూలకు కుట్టాను. అద్దాల బీరువాలో నడిమి అర దానికే ఇచ్చాను.

కంప్యూటర్లు, కమిటీ, రాజవ్వ

కొన్నేళ్లకు కంప్యూటర్ కోర్సు పెడదామని కళాశాల నిర్ణయించింది. దానికి గది కావాలి. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆమె అడిగింది న్యాయంగానే ఉంది. పాత చీరలకు ఒక గది ఎందుకో సోమవారం వచ్చే యాజమాన్య కమిటీకి నువ్వే చూపించు, వాళ్లు ఒప్పుకుంటే గది నీదే అంది.

చూపించడానికి నా దగ్గర ఒక్కటే ఉంది. మిగతావన్నీ గంజి పెట్టిన చరిత్ర. రాజవ్వ చీర చుట్టూ ప్రదర్శన తయారుచేశాను. ఉపన్యాసం అద్దం ముందు నిలబడి బట్టీపట్టాను. శుక్రవారం రాజవ్వ కర్ర పట్టుకుని కళాశాలకు వచ్చింది.

"సారూ, గా చీరె నాకు గావాలె."

"ఎందుకవ్వా?"

"సరితకు నెలలు నిండినయి. బొంత కుట్టాలె."

నాకు తెలుసు. సరితకు ఇదివరకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఆ రెండోసారి తర్వాత ఆ పిల్ల బజారులో కనిపించడం మానేసింది.

"పుట్టిన బిడ్డను మనం కొత్త బట్టల పండవెట్టం గద. బిడ్డలందరు బతికినామె కట్టిన చీరె మొదట కిందెయ్యాలె. నా పిల్లలందరు గా చీరె వట్టుకొనే పెరిగిండ్రు. ఒక్కరు గూడ పోలే."

"వేరే చీర ఏదైనా..."

"యాడివి? కోడలు గిన్నెలకిచ్చింది. మా ఇంట్ల స్టీలు బిందె జూస్తివి గద, నా చీరెలన్ని గదే. నువ్వు దాచినవు గనుక గిదొక్కటి మిగిలింది."

ఏళ్ల తరబడి ఊరందరికీ పాత బట్ట విలువ తెలుసుకోండి అని చెప్పాను. తెలుసుకుని వచ్చిన ఒకే ఒక్క మనిషిని చూసి నాకు చెమటలు పట్టాయి. సులోచన చీర ఇస్తానన్నాను. "మంచిదే, గని అది మా ఇంటిది గాదు గద" అంది. సోమవారం కమిటీ వస్తోంది, ఆ మర్నాడే ఇస్తానన్నాను.

"బిడ్డ నీ కమిటీని అడిగి పుడ్తదా సారూ?"

"ఉతుకుతావా?" అని అడిగాను. ఇంత తెలివితక్కువ ప్రశ్న నా ఉద్యోగంలో ఇంకోటి అడగలేదు.

"ఉతకకుంటె? పసిబిడ్డను బొగ్గుల పండవెట్టాల్నా?"

ఆలోచించి చెబుతానన్నాను. రాజవ్వ కోప్పడలేదు, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది. నేను సైకిలెక్కి ఇంకో దారిన ఆమె కన్నా ముందే లాల్‌పేట్ చేరాను. సరిత చదువుకున్న పిల్ల, నా శిష్యురాలు, అర్థం చేసుకుని అవ్వకు నచ్చజెబుతుందని నా ఆశ.

సరిత మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పాదాలు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే తనే మొదలుపెట్టింది.

"అవ్వకు అడగద్దని చెప్పిన సర్. బీరువాల వెట్టింది బయటికి రాదు అని క్లాసుల మీరే చెప్పిండ్రు గద. గా నమ్మకాలు నాకు గూడ లేవు." కొంచెం సేపు చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది. "గని ఈసారి మస్తు భయమైతుంది సర్. ఏదన్న ఒకటి వట్టుకోవాలనిపిస్తుంది."

నచ్చజెప్పడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఆ గుమ్మం దగ్గరే అయిపోయాయి. కళాశాలకు తిరిగి వెళ్లి బీరువా తాళం తీశాను. నంబరు పట్టీ విప్పుదామని కత్తెర తీసుకుని, చేతులు రాక మళ్లీ పెట్టేశాను. చీరను తెల్లగుడ్డలో చుట్టి సాయంత్రానికి రాజవ్వ చేతిలో పెట్టాను.

ఆమె నా ఎదుటే గంగాళంలో నీళ్లు పోసి చీర ముంచింది. ఆ రోజు నల్లా బ్రహ్మాండంగా వచ్చింది. నీళ్లు నల్లబడుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. ఆ నుసి మళ్లీ ఏ చీరలోకీ రాదు.

"జరా అటు తిరుగు సారూ" అంది రాజవ్వ. "నువ్వట్ల జూస్తుంటె నాకు చేతులాడుతలేవు."

ఖాళీ అర

సోమవారం కమిటీ వచ్చింది. నడిమి అర ఖాళీ, ముందు చీటీ మాత్రం ఉంది. కమిటీ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, ఇది ఖాళీగా ఎందుకుందని మరాఠీలో అడిగాడు.

బట్టీపట్టిన ఉపన్యాసం మర్చిపోయాను. ఈ గదిలో ప్రస్తుతం ఉపయోగంలో ఉన్న వస్తువు అదొక్కటే, అందుకే ఇక్కడ లేదు అన్నాను. బొంత గురించి, పురిట్లో పోయిన పిల్లల గురించి, మా అమ్మ కొంగు గురించి కూడా చెప్పాను. కమిటీలో ఒకాయన గోడలు కొలిచినట్టు చూస్తూ, ఇందులో ఎన్ని కంప్యూటర్లు పడతాయని ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగాడు. తర్వాత సమోసాలు వచ్చాయి.

గది పోయింది. బట్టలు మెట్ల కిందికి వెళ్లాయి, అక్కడ చెమ్మ తగులుతుంటే ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతితో మా ఇంట్లో మంచం కిందికి వచ్చాయి. దానివల్ల నాకు కలిగిన బాధ మీరనుకున్నంత పెద్దది కాదు. ఆ రోజుల్లో నా ధ్యాసంతా లాల్‌పేట్ మీద ఉంది. పొగాకు అలవాటే లేని నేను తంబాకు కొనడానికని రోజూ ఆ గల్లీలో సైకిల్ తొక్కాను. ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. ఊపిరి పీల్చుకోలేకపోయాను, ఇంతకుముందు ఇద్దరూ పుట్టాకే పోయారు. రాజవ్వ గుమ్మంలో కనిపిస్తే అడగడానికి భయం, కనిపించకపోతే ఇంకా భయం.

ఇరవై ఒకటో రోజు, బిడ్డను తొట్టెలో వేసే వేడుకకు పిలుపు వచ్చింది. సులోచనను తీసుకుని వెళ్లాను. సరిత తలకు గుడ్డ కట్టుకుని, నవ్వుతూ, ఏడుస్తూ కూర్చుంది. అందరూ బిడ్డ మొహం చూడ్డానికి తొట్టెలోకి వంగుతున్నారు. నేనూ వంగి, బొంత అంచు కొంచెం పైకెత్తి, ఎరుపు ఎంత దిగిందో చూశాను.

"సారు బిడ్డను జూస్తలేడు, బొంతను జూస్తుండు!" అని రాజవ్వ అరిచింది. ఇంటినిండా నవ్వులు. సులోచన సిగ్గుతో నా సఫారీ పట్టుకుని వెనక్కి లాగింది, బొత్తాం ఊడింది.

ఆ పిల్ల నడక నేర్చి, మాటలు కూడా వచ్చాక, సరిత ఒకరోజు దాన్ని చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. ఇంకో చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి. అందులోంచి బొంత తీసి నా ఒళ్లో పెట్టింది. లోపల చీర పొరలు పొరలుగా ఉంది, మూలన నేను కుట్టిన నంబరు పట్టీ దారాల మధ్య అలాగే ఉంది. పాల మరకలు, ఆవనూనె మరకలు, ఉచ్చ మరకలు ఒకదాని మీద ఒకటి. వాసన నా కన్నా ముందు వంటింట్లో ఉన్న సులోచనకు తగిలింది.

"ఏంది గీ వాసన? మళ్ల ఏం తెచ్చిండ్రు?" అంటూ బయటికి వచ్చి, సరితను చూసి ఆగిపోయింది.

"అవ్వ ఉతికియ్యమన్నది సర్, గిట్ల ఇస్తే ఇజ్జత్ పోతదని మొత్తుకున్నది. నేనే వద్దన్న" అంది సరిత, పిల్లను నేల మీదికి దించుతూ. "ఉతికితే బట్టల ఉన్న మనిషి పోతడని మీరే చెప్పిండ్రు గద. గీన్ల మా పిల్ల ఉన్నది."

పిల్ల తప్పటడుగులతో వచ్చి బొంత కొస పట్టుకుని లాగింది. నేను ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఇంకో కొస పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

ఇప్పటికీ మంచం కిందే ఉంది. ఉతకలేదు.